రెండు మెగాబైట్ల తీరం

12 మే 2003, సోమవారం

ఈ రోజు నాకొక కొత్త బాధ్యత అప్పగించబడింది. మా ప్రభుత్వ ఖనిజ కార్పొరేషన్ ఢిల్లీలోని మంత్రిత్వశాఖకు పంపవలసిన స్లైడు ప్రదర్శన ఒకటి సిద్ధంగా ఉంది. అది ఈమెయిలులో పోవడం లేదు. పోయేటట్లు చేయడం ఆ బాధ్యత.

నా సర్వీసులో తుపాను నివేదికలు రాశాను. మంత్రుల పర్యటనలకు పూలదండలు తెప్పించాను. ఆఫీసు ఆవరణలో చేరిన ఆంబోతును సాగనంపే ఉపసంఘానికి కార్యదర్శిగా వ్యవహరించాను. బరువు తగ్గించే పని మాత్రం ఇదే మొదటిసారి. నా సొంత బరువు విషయంలో మా ఆవిడ పద్మావతి చేసిన ప్రయత్నాలను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ప్రదర్శన పేరు 'ముడిఖనిజ నిల్వ యార్డు: ఒక ప్రతిపాదన'. ఢిల్లీవారి మెయిలు పెట్టె రెండు మెగాబైట్లకు మించిన దేనినీ లోపలికి రానివ్వదు. మాది పద్దెనిమిది.

జనరల్ మేనేజరు ఉమామహేష్ గారు పిలిచి, "అర్జునరావు గారూ, మీకు భాష మీద పట్టుంది. దీన్ని క్లుప్తం చెయ్యండి" అన్నారు.

"సార్, ఇది మాటల బరువు కాదు, బొమ్మల బరువు."

"ఏదైనా బరువే కదా. జూన్ ఆరుకల్లా ఢిల్లీ చేరాలి. లేకపోతే ఈ యార్డు పక్క రాష్ట్రానికి పోతుంది."

సీడీలో పంపవచ్చునేమోనని మనవి చేశాను. ఈ సంవత్సరం నుంచి ఢిల్లీవారు కాగితం, సీడీ, మనిషి – ఏవీ స్వీకరించరట. మెయిలు మాత్రమే.

ఆమోదం వస్తే జాలర్ల ఊరు నూకన్నపాలెం ఒడ్డు యార్డు అవుతుంది. అక్కడి పడవలు ఎక్కడికి పోతాయన్నది ప్రదర్శనలో లేదు. అది నా పరిధిలోని విషయం కాదు. నా పరిధి పరిమాణం మాత్రమే.

13 మే

కంప్యూటర్ల విభాగం ఇన్‌ఛార్జి జగ్గారావు మా సొంత ఊరు పద్మనాభం వైపువాడు. వరసకు ఏమీ కాడు. ఒకే బస్సులో వేలాడుతూ కాలేజీకి వెళ్ళినందువల్ల బావ అయ్యాడు.

"ఏటి బావా, ఏ తప్పు సేసినావని నీకీ పని ఇచ్చినారు?"

"తప్పు కాదు, బాధ్యత."

"ఇక్కడ రెండూ ఒకటే కదేటి."

పరిశీలించగా 'ధన్యవాదములు' అన్న స్లైడు నాలుగు చోట్ల కనబడింది. నాలుగు విభాగాలూ విడివిడిగా కృతజ్ఞత తెలిపాయి. వాటిని, మరికొన్నింటిని తొలగించి భద్రపరిచాము. ఫైలు పద్దెనిమిది నుంచి పంతొమ్మిది అయింది.

నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. పంతొమ్మిదే.

"తీసేస్తే పెరగడమేమిటి, జగ్గారావూ?"

"తొందరగా సేవ్ సెయ్యమని ఎవుడో టిక్కు ఎట్టీసినాడు బావా. అప్పుడు తీసీసినవి కూడా కడుపులో దాసుకుంటాది. పెళ్ళిపీటల మీద నానన్న మాట మా ఆవిడ దాసుకోనేదా? అలాగ."

టిక్కు తీయించాము. పదహారు.

14 మే

'ఆమోదం పొందని స్లైడు గేటు దాటరాదు' అన్న సర్క్యులరు ఉన్నదని పరిపాలనా విభాగం గుర్తుచేసింది. ఆమోదమనగా సంతకం. కంప్యూటరు తెర మీద సంతకం చేయడం సాధ్యం కాదు గనుక అనుసరించవలసిన పద్ధతి ఇది: స్లైడ్లన్నీ రంగుల్లో ముద్రించాలి. అధికారులు వరుసగా ఆకుపచ్చ సిరాతో సంతకాలు చేయాలి. ఆ కాగితాలను స్కాను చేసి, ఏ స్లైడు ఆమోదం ఆ స్లైడు వెనుకే ఫైలులో అతికించాలి.

అతికించాము.

ఆమోదాలతో కలిపి ముప్పై ఒకటి.

15 మే

ఎండ. కరెంటు లేదు. పరిమాణంలో మార్పు లేదు.

17 మే, శనివారం

తొమ్మిదో స్లైడు గురించి రాయవలసి ఉంది. దాని ఫోటో వల్ల ఆ ఒక్కదానికే ఇంకా సంతకం కాలేదు.

దాని శీర్షిక 'వినియోగంలో లేని తీర భాగం'. దానికి ఖాళీ ఒడ్డు ఫోటో కావాలి. నూకన్నపాలెం ఒడ్డు మామూలు రోజుల్లో ఖాళీగా ఉండదని స్టూడియో నాగబాబు ముందే చెప్పాడు. ఫోటోల ఏర్పాటు గత నెలలోనే నాకు అప్పగించారు గనుక, నేనే ఆలోచించి, గంగమ్మ పండగ రోజు చూసి అతన్ని పంపాను. ఆ రోజు ఎవరూ వేటకు వెళ్ళరు. మా పద్మనాభంలో పండగ పూట పొలంలో పిట్ట కూడా కనిపించదు. కాబట్టి పండగ పూట ఒడ్డు మీద కూడా ఎవరూ కనిపించరని నిర్ధారించాను.

నిర్ధారణ తర్కబద్ధమైనదే. కాకపోతే పొలానికి సెలవిచ్చిన రైతు ఇంటికి పోతాడు. సముద్రానికి సెలవిచ్చిన జాలరి పడవతో సహా ఒడ్డుకే వస్తాడు. ఈ తేడా ఏ సర్క్యులరులోనూ లేదు.

ఫోటోలో ఊరంతా ఉంది. ఉన్న పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. ముక్కులకు పసుపు, మెడలకు బంతిపూల దండలు. డప్పులవాళ్ళు, కొత్త చీరలవాళ్ళు, ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు, వాటికి కాపలా కుక్క.

"ఏటి సేత్తాను సార్?" అన్నాడు నాగబాబు. "కొద్దిగా జరగండ్రా, దిల్లీకెల్లీ బొమ్మ ఇది అని నోరు జారినాను. ఇంక సూస్కోండి, ఇంట్లో ఉన్నోళ్ళు కూడా లగెత్తుకొచ్చీసినారు."

ఉమామహేష్ గారు ఫోటో చూసి, "ఇది ప్రతిపాదనా, జాతరా?" అని అడిగారు. మళ్ళీ తీయిస్తానన్నాను. "మళ్ళీ ఎందుకు? ఎడమ మూల కాస్త ఇసుక ఉంది కదా. అంతవరకు కత్తిరించండి."

కత్తిరించాను. ఇసుక మిగిలింది, ఒక పీత బొరియ కూడా మిగిలింది.

ఊరంతా పోయినా ఫైలు బరువు ఆవగింజంత కూడా తగ్గలేదు. కారణం తెలియరాలేదు.

18 మే, ఆదివారం

మా మల్కాపురం వీధికి చేపలు తెచ్చే ముసలమ్మది నూకన్నపాలెం. పేరుకు ముసలమ్మ గానీ నాకంటే చిన్నది. తట్ట అరుగు మీద దించి, పద్మావతికి నెత్తళ్ళు పోస్తూ నన్ను చూసింది.

"బాబుగోరూ, మా ఒడ్డు బొమ్మ దిల్లీ ఎల్లిందేటి?"

"ఇంకా లేదు."

"ఇంకా ఎల్లలేదా? పండగెల్లి ఎన్నాళ్ళయింది! నడిసెల్లినా ఈపాటికి ఎల్లిపోను."

"బరువెక్కువైంది, ముసలమ్మా."

"బొమ్మకి బరువేటి బాబూ?" అని తట్ట వైపు చెయ్యి చూపించింది. "బరువంటే ఇది."

తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "దిల్లీవోళ్ళు మా పడవలు సూసి జెట్టీ కడతారంట కదా? ఊరంతా అదే అనుకుంటన్నారు. అందుకే మా ఎల్లాజీ పడవకాడ ముందెల్లి నిలబడినాను. కొడుకు పడవ కదా, మొకం తెలాలని. బాగా పడ్డానా?"

"బాగానే పడ్డావు."

ఇది అసత్యం కాదు. ఆమె ఫోటోలో పడింది. తదనంతర చర్యలు వేరే విషయం.

ఆమె వెళ్ళాక పద్మావతి, "యార్డు సంగతి సెప్పలేదేటండీ?" అంది.

"అది ప్రతిపాదన దశలో ఉంది. ఆ దశలో బయటివారికి చెప్పరాదు."

"ఆవిడ బయటమనిషా? మన వంటింటి దాకా వచ్చీ మనిషి."

పద్మావతికి కార్యాలయ నియమావళి పరిచయం లేదు.

20 మే

పంపాము. తిరిగి వచ్చింది.

21 మే

పంపాము. తిరిగి వచ్చింది. ఈసారి ఆంగ్లంలో పెద్ద ఉత్తరంతో. అందులో మర్యాదగా ఉన్నది మొదటి పదమొక్కటే.

22 మే

'ప్రదర్శన పరిమాణ తగ్గింపు కమిటీ' ఏర్పాటైంది. నేను కన్వీనరును. కమిటీ సమోసాల అనంతరం రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, పరిమాణం తగ్గాలి. రెండు, తగ్గింపునకు కార్పొరేషన్ చేస్తున్న కృషిని ఢిల్లీ దృష్టికి తేవడానికి ఒక స్లైడు చేర్చాలి. కమిటీ గ్రూపు ఫోటోతో సహా.

చేర్చాము. ఆమోదం తీసుకుని, ఆ ఆమోదాన్నీ చేర్చాము.

ముప్పై నాలుగు.

26 మే

రెండో స్లైడులో ఉమామహేష్ గారు పూలగుత్తి స్వీకరిస్తున్న దృశ్యం ఉంది. పరిమాణంలో ఇదొక్కటే మూడు మెగాబైట్లు. చిన్నది చేయడానికి అనుమతి కోరాను.

"నా ఫోటో వల్లనే ఢిల్లీ మెయిలు ఆగిపోయిందంటారా?"

"అలా అనడం లేదు సార్."

"పూలు బాగా వచ్చాయి. పూలు చెడకూడదు."

27 మే

జిప్ చేశాము. తగ్గింది నామమాత్రం. ముక్కలుగా కోసి వేర్వేరు మెయిళ్ళలో పంపాము. 'ప్రతిపాదనలు భాగములుగా అంగీకరించబడవు' అని జవాబు వచ్చింది. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్కటి చొప్పున.

జగ్గారావు తన కుర్చీలోంచే కేక వేశాడు. "బావా, నువ్వు రిటైరయ్యీలోపు ఎల్తాది లే!"

29 మే, గురువారం

ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం తొమ్మిదో స్లైడు మీద పనిచేస్తూ, ఒక బొత్తాం నొక్కబోయి పక్క బొత్తాం నొక్కాను. దాని పేరు రీసెట్. ఇసుక ఒక మూలకు చిన్నదై ఒదిగిపోయింది. తక్కిన తెరంతా ఊరు వచ్చి నిలబడింది.

పడవలు, దండలు, డప్పులు, కుక్క, అన్నీ ఉన్నాయి. నేను కత్తిరించినది ఏదీ పోలేదు. కంప్యూటరు దృష్టిలో కత్తిరించడమంటే మడతపెట్టడమేనట. ఇన్నాళ్ళూ నేను ఊరిని ఇసుక వెనుక మడతపెట్టి, బరువు ఎందుకు తగ్గలేదని కమిటీ వేశాను.

ఎల్లాజీ పడవ ముందు ముసలమ్మ ఉంది. ఒక చెయ్యి పడవ ముక్కు మీద, రెండోది కొంగు సర్దుకుంటూ. కెమెరా వైపు కాదు, కెమెరా వెనుక ఎవరో పెద్దమనిషి ఉన్నట్టు, ఆయన వైపు చూస్తోంది.

వెంటనే తిరిగి కత్తిరించాను.

సాయంత్రం దారిలో నాగబాబు కొట్టు దగ్గర ఆగి అసలు ఫోటో ఉందా అని అడిగాను. "కార్డు తుడిపీసినాను సార్, పెళ్ళిళ్ళ సీజను కదా. మీకు ఫ్లాపీలో ఇచ్చినాను కదేటి?" ఆ ఫ్లాపీకి బూజు పట్టి ఎప్పుడో పోయింది.

అనగా ఆ ఫోటో ఇప్పుడు లోకంలో ఒక్కచోటే ఉంది. తొమ్మిదో స్లైడు మడతలో.

ఇది కూడా నా పరిధి కాదు.

30 మే

మార్గం దొరికింది.

బొమ్మలను కుదించడానికే కంప్యూటరులో ఒక పెట్టె ఉంది. అందులో చిన్న గళ్ళు. ఒక గడిలో టిక్కు పెడితే బొమ్మలు తెరకు తగినంత పలచబడతాయి. దాని కింది గడి 'కత్తిరించిన భాగాలను తొలగించు' అంటుంది. రెండూ ముందే టిక్కు పెట్టి ఉన్నాయి. మనం 'సరే' అంటే చాలు.

ఒక నకలు చేసి, దాని మీద 'సరే' అన్నాను. ముప్పై నాలుగు మెగాబైట్లు ఒకటిన్నర అయ్యాయి. కమిటీ, సర్క్యులరు, సమోసాలు, ఏవీ అవసరం లేకపోయింది.

ఆ నకలులో తొమ్మిదో స్లైడు తెరిచి రీసెట్ నొక్కాను. ఇసుక. మళ్ళీ నొక్కాను. ఇసుకే.

సంతోషించవలసిన రోజు. మధ్యాహ్నం క్యారియరు తెరవలేదు. ఎండ వల్ల కావచ్చు.

31 మే

ఉమామహేష్ గారు పురోగతి అడిగారు. ఆశాజనకంగా ఉందని నివేదించాను. నకలును మరికొంత పరీక్షించవలసి ఉంది.

1 జూన్, ఆదివారం

ముసలమ్మ వచ్చింది. పద్మావతి అడగకుండానే చట్టినిండా కవళ్ళ చేపలు పోసింది.

"ఇవేటి, ఇన్ని?"

"ఉంచండమ్మా. బాబుగోరు మా బొమ్మ కోసం నెలంతా కంప్యూటరుకాడ కళ్ళు కాయలు కాసీలాగ కూకుంటన్నారంట కదా. నాగబాబు సెప్పినాడు. మా కోసం ఎవులు సేత్తారు ఇంత?"

నేను పత్రిక చదువుతున్నాను. చాలాసేపు ఒకే పేజీ చదివాను.

మధ్యాహ్నం కూర బాగానే ఉంది. కవళ్ళకు ముళ్ళు ఎక్కువ. మింగుడుపడకపోవడానికి అదే కారణం.

పద్మావతి చేతులు కడుక్కుంటూ, "ఇన్నాళ్ళూ తిన్నారు కదా, ఇయేల కొత్తగా ముళ్ళేటి?" అంది.

2 జూన్, సోమవారం

విషయాన్ని నియమావళి దృష్ట్యా మాత్రమే పరిశీలించాను. ఇందులో వ్యక్తిగత అభిప్రాయాలకు తావు లేదు.

ఉమామహేష్ గారి ఆదేశం: 'కత్తిరించండి.' ఆ పని జరిగింది. 'తొలగించండి' అన్న ఆదేశం నాకు రాతపూర్వకంగా గానీ, మౌఖికంగా గానీ అందలేదు. ఆమోదం లేని చర్య చేపట్టే అధికారం డిప్యూటీ మేనేజరునైన నాకు లేదు. కావున తొమ్మిదో స్లైడు విషయంలో కింది గడి టిక్కు తీసివేయడం నా విధి. తెరకు తగినంత పలచబరచడానికి కూడా విడిగా ఆమోదం లేదు గనుక పై గడి టిక్కు కూడా.

తొమ్మిదో స్లైడు యథాతథంగా ఉండాలి.

ఇలా ఉంచితే మొత్తం రెండున్నర దాటుతోంది. రెండు లోపుకు రావాలి. ఆ అర కోసం మిగిలినవాటిలో చూడాలి.

3 జూన్

ఆకుపచ్చ సంతకాల స్కానులన్నీ తీసివేశాను. వాటి బదులు ఒకే ఒక కవరింగ్ లెటరు మీద జనరల్ మేనేజరు గారి సంతకం సరిపోతుందని పరిపాలనా విభాగాన్ని ఒప్పించాను. ఒప్పించడానికి వారి సర్క్యులరునే వారికి రెండుసార్లు చదివి వినిపించవలసి వచ్చింది.

కమిటీ గ్రూపు ఫోటో తపాలా బిళ్ళ అంత అయింది. కన్వీనరు చెవి మాత్రం గుర్తుపట్టవచ్చు.

ఇంకా కొంచెం మిగిలింది. పూలగుత్తి.

పలచబరిచాను. మరికొంత పలచబరిచాను. పూలు చెడకూడదన్న ఆదేశం ఉంది గనుక పూల మీద చెయ్యి వెయ్యకుండా విడిగా ఉంచి, తక్కిన భాగాన్నే కుదించాను.

4 జూన్

కవరింగ్ లెటరు సిద్ధం చేశాను. చివరి పేరా ఇక్కడ నకలు రాసుకుంటున్నాను:

'ప్రదర్శన పరిమాణం తగ్గించు ప్రక్రియలో కొన్ని చిత్రములు సంక్షిప్తముగా కనిపించవచ్చును. తొమ్మిదో స్లైడులోని చిత్రము సమగ్రముగా కనిపించుటకై, దానిపై క్లిక్ చేసి చిత్రముల పట్టీలోని రీసెట్ బొత్తాము నొక్కి పరిశీలించవలసినదిగా సవినయముగా కోరడమైనది.'

దీనిలో ప్రతి మాటా సాంకేతికమైనదే.

ఉమామహేష్ గారు విషయం పంక్తి చూశారు. 'ఫైలు పరిమాణ తగ్గింపు గురించి' అని ఉంది. "అమ్మయ్య" అన్నారు. ఆకుపచ్చ పెన్ను తీశారు.

ఆయన సంతకం పెడుతున్నంతసేపూ నేను చొక్కా పై గుండీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాను. ఆయన గదిలో ఏసీ ఎక్కువ.

5 జూన్

పంపాము.

తిరిగి రాలేదు.

జగ్గారావు నా భుజం మీద కొట్టి, "ఎల్లిపోయింది బావా! నిజంగానే ఎల్లిపోయింది!" అన్నాడు. వెళ్ళిపోయినవాటిని వెనక్కి పిలిచే బొత్తాం ఏదైనా ఉందా అని అడిగాను. "దీనికి లేదు" అన్నాడు.

6 జూన్

ఉమామహేష్ గారు రెండో స్లైడు తెరిచి నన్ను పిలిచారు.

"అర్జునరావు గారూ, ఇది నేనేనా?"

"మీరే సార్."

"మొహం గళ్ళు గళ్ళుగా ఉందేమిటి?"

"పూలు చెడకూడదన్నారు సార్."

పూలు చాలా బాగున్నాయి. ఒక్కొక్క రేకూ తెలుస్తోంది. ఆయన వాటిని కొంతసేపు చూసి, నన్ను వెళ్ళమన్నారు.

8 జూన్, ఆదివారం

ముసలమ్మ రాలేదు.

15 జూన్, ఆదివారం

ముసలమ్మ వీధిలోకి వచ్చింది. మా ఇల్లు దాటి వెళ్ళింది. పద్మావతి పిలిచినా తిరగలేదు.

ఊళ్ళో ఏదో తెలిసి ఉంటుంది. నాగబాబుకు తెలిసిన విషయం ఏదీ నాగబాబు దగ్గర ఆగదు.

20 జూన్, శుక్రవారం

ఢిల్లీ నుంచి జవాబు. సారాంశం:

తమ సూచన మేరకు తొమ్మిదో స్లైడులోని చిత్రాన్ని రీసెట్ చేసి పరిశీలించడమైనది. వినియోగంలో లేదని చెప్పిన తీర భాగంలో పెద్ద సంఖ్యలో పడవలు, జనం, ఎండుతున్న చేపలు, ఒక కుక్క కనిపిస్తున్నవి. ప్రతిపాదన వాపసు చేయడమైనది. ఆ గ్రామస్థులతో బహిరంగ సమావేశం జరిపి, వారి అభిప్రాయాలను నమోదు చేసి, తిరిగి సమర్పించవలెను.

ఢిల్లీవారు ఆ చిత్రాన్ని ముద్రించి, పెద్ద సైజులో స్కాను చేసి, జవాబుకు జతపరిచారు. వారికీ ఏదో సర్క్యులరు ఉండి ఉంటుంది. దానితో ఉమామహేష్ గారి మెయిలు పెట్టె నిండిపోయి మరే మెయిలూ రావడం లేదు.

"ముందు దీని సైజు తగ్గించండి!" అని ఆయన అరిచారు.

"ఆమోదం రాతపూర్వకంగా ఇప్పించండి సార్."

ఆయన కవరింగ్ లెటరు బల్ల మీద పెట్టారు. "ఈ పేరా ఎవరు రాశారు?"

"నేను రాశాను. మీరు ఆమోదించారు."

ఆయన తన ఆకుపచ్చ సంతకాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకున్నారు. సంతకం చాలా స్పష్టంగా ఉంది. దాన్ని నేను కుదించలేదు.

23 జూన్

నన్ను పాత రికార్డుల గోదాముకు బదిలీ చేశారు. పదోన్నతి పరిశీలన వాయిదా పడింది.

జగ్గారావు వీడ్కోలు చెబుతూ, "అక్కడ కంప్యూటరు లేదు బావా. పెట్టి పుట్టినావు" అన్నాడు. తలుపు దగ్గరకు వేసి, "కావాలనే సేసినావు కదా?" అన్నాడు.

సాంకేతిక కారణాల వల్ల అలా జరిగిందని చెప్పాను.

"నాకాడ కూడా అదే మాటా?" అన్నాడు.

బల్ల సర్దుకుంటూ, అసలు ఫైలును ఒక సీడీలోకి ఎక్కించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. తొమ్మిదో స్లైడును మడత విప్పి చిన్న ముద్రణ కూడా తీసుకున్నాను. ఎందుకో రాయవలసిన అవసరం లేదు.

29 జూన్, ఆదివారం

ముసలమ్మ వచ్చింది. తట్ట లేదు. అరుగు ఎక్కలేదు. వీధిలోనే నిలబడింది.

"జెట్టీ కాదంట బాబూ. యార్డంట."

"అవును."

"మీకు తెలుసా?"

"తెలుసు."

"నా కవళ్ళు తిన్నప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

రాయడానికి ఇంకేవో కార్యాలయ పదాలు వెతికాను. దొరకలేదు.

ముసలమ్మ నన్ను తిట్టలేదు. తిడుతుందని నేను ఎదురుచూశాను. అవతలి వీధిలో గొడవపడుతున్న వేరేవాళ్ళను చూసినట్టు నన్ను చూసింది.

"వచ్చీ వారం మా బడికాడ మీటింగెడతారంట. మూల ఇసక సూపించి ఇక్కడెవులూ లేరని సెప్తారంట మీ ఆపీసోళ్ళు. ఎల్లాజీ గొడవ సేత్తానంటన్నాడు. నానన్నాను, గొడవొద్దురా, మన బొమ్మ మనకాడుంటే సాలదేటి అని. ఏదీ బొమ్మ?"

లోపలికి వెళ్ళి ముద్రణ తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని ఎండలోకి పట్టుకుని, కళ్ళు చిట్లించి చూసింది.

"ఇంత సిన్నదేటి? ఎవులు ఎవులో తెలట్లేదు."

"నువ్వు ఇక్కడున్నావు" అని వేలు పెట్టి చూపించాను. "ఇది మీ ఎల్లాజీ పడవ."

"నాకు తెల్దేటి? ఆళ్ళకి తెలాల." కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది. "బడి గోడంత కావాల. అవుతాదా, అవ్వదా?"

జేబులో సీడీ తడిమి చూసుకున్నాను. "అవుతుంది. అందులో నేను ఏమీ తీసెయ్యలేదు."

"అయితే సొక్కా మార్సుకుని రండి. నిలబడతాను."

నాగబాబు కొట్టు వెనుక కొత్తగా ఫ్లెక్సీ యంత్రం పెట్టారు. సీడీ చూసి అతను, "దొరికిందా సార్?" అన్నాడు. తర్వాత ముసలమ్మను చూసి, సీడీ తీసుకుని యంత్రం దగ్గరకు పోయాడు. యంత్రం లోపలి నుంచి మొదట ఎడమ మూల ఇసుక వచ్చింది, పీత బొరియతో సహా. ముసలమ్మ నా వైపు చూసింది. ఆ తర్వాత ఒక పడవ ముక్కు, పసుపు, దండ, ఇంకొక పడవ. దగ్గర నుంచి చూస్తే అన్నీ గళ్ళు గళ్ళుగానే ఉన్నాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఊరు కనిపిస్తోంది.

మొత్తం వచ్చేసరికి కొట్టులో పట్టలేదు. చుట్టి కట్టాము. ఆటోలో పెట్టబోతే ఇరుపక్కలా రోడ్డు మీదకు పొడుచుకువచ్చి, ఆటోవాడు ఒప్పుకోలేదు. నేనొక చివర పట్టుకుంటానన్నాను.

"మీరాగండి" అని ముసలమ్మ కొంగును చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. నాగబాబూ నేనూ కలిసి చుట్టను ఎత్తి ఆమె తల మీద ఉంచాము. ఆమె మెడ ఒకసారి కుంగి, సర్దుకుని, నిలిచింది.

"ఇప్పుడుంది బాబూ, బొమ్మకి బరువు" అంది. ఒడ్డు వైపు నడిచింది.